హుజూరాబాదు సరకునకు రైలుదారి

హుజూరాబాదునకు రైలు లేదు. పట్టణమునకు ఇంచుమించు పదునాలుగు కిలోమీటర్ల దూరమున, జమ్మికుంట మీదుగా, ఢిల్లీనుండి చెన్నపట్టణమునకు పోవు ప్రధానమార్గము రాత్రింబవళ్లు మ్రోగుచున్నది. బొగ్గుబండి పోవును, సిమెంటుబండి పోవును, పెట్టెలు పెట్టెలుగ దూరదేశపు సరకు పోవును. హుజూరాబాదు రైతు వానిని గేటువద్ద నిలువబడి చూచును. తన సరకు కదలవలసి వచ్చినప్పుడు మాత్రమాతనికి లారీయే గతి.

కరీంనగరమునుండి హుజూరాబాదు మీదుగా హసన్‌పర్తి వఱకు సుమారు 62 కిలోమీటర్ల లైను వేయవలెనను ప్రస్తావన పదియేండ్లకు పైబడి సాగుచున్నది. సర్వేలు జరిగినవి. అంచనాలు పెరిగినవి. ఎన్నికలు వచ్చినవి, పోయినవి. 2021 అక్టోబరునాటి ఉపయెన్నికకు ఈ పట్టణమునకు విచ్చేసిన నాయకుల కార్లను ఒకదానివెంట నొకటి నిలిపియున్నచో అవియే హసన్‌పర్తి వఱకు ఒక లైనుగా ఏర్పడియుండెడివి! ఇనుపపట్టా మాత్రము నేటివఱకు ఒక్కటియు పడలేదు.

ఈ లైనును గూర్చి జరుగు సభలలోను, పఠనమందిరములలోను వినవచ్చు మాటలన్నియు ప్రయాణికులబండ్లను గూర్చినవే. హైదరాబాదునకు ఎన్నిగంటలలో పోవచ్చును? తిరుపతికి బండి దొరకునా? వరంగల్లు కళాశాలకు పోవు పిల్లలకు పాసులిత్తురా? ఈ ప్రశ్నలు న్యాయమైనవే. వానిని మేము తేలికచేయుట లేదు. కాని శాఖాలైను బ్రదుకుట టిక్కెట్లమీద గాదు. భారత రైల్వేల రాబడిలో ఇంచుమించు మూడింట రెండు వంతులు సరకు రవాణావలననే వచ్చుచున్నది. ప్రయాణికుని టిక్కెట్టు వెలలో లోటును పూడ్చునది బొగ్గు, ధాన్యము, ఎరువు, సిమెంటు. సరకు లేని శాఖాలైనుపై దినమునకు ఒకటి రెండు బండ్లు నడచుటయు, కొంతకాలమునకు వానికిని మంగళము పాడుటయు మనదేశమున చూడని సంగతి గాదు. కావున హుజూరాబాదు ప్రజలు ముందుగా అడుగవలసిన ప్రశ్న వేఱు: ఈ లైనుపై ఏ సరకు పోవును? ఎంత పోవును? దానిని ఎక్కించుటకు, దించుటకు ఎచ్చట చోటు కల్పింతురు?

ఈ ప్రాంతమున ప్రజలు రైలును గూర్చి ప్రశ్నించుట కొత్తగాదు. నిజాము రాజ్యమున వాడి–సికిందరాబాదు లైను 1874లో తెఱవబడినది. తరువాత 1883లో చాందావైపు లైను వేయుటకై లండనులో ఒక కంపెనీ ఏర్పడగా, ఆ కంపెనీ మూలధనమునకు నిజాము ప్రభుత్వమువారు నూటికి ఐదు చొప్పున ఇరువది యేండ్లు వడ్డీకి పూటపడిరి. లైను లాభించినను లాభింపకున్నను వాటాదారునకు నష్టము లేదు; నష్టము వచ్చినచో అది రాజ్యపు ఖజానాది, అనగా రైతు కట్టిన శిస్తుది. ఈ ఒడంబడిక వివరములు ప్రజలకు తెలుపవలెనని హైదరాబాదునందలి విద్యావంతులు కొందఱు అడిగిరి. అడిగినవారిలో అఘోరనాథ చటోపాధ్యాయులు, ముల్లా అబ్దుల్ ఖయ్యూములు ముఖ్యులు. లెక్క చూపుమన్నందులకు ఫలముగా ఆ 1883లోనే చటోపాధ్యాయులవారిని రాజ్యమునుండి వెడలగొట్టిరి. ఆయన సరోజినీదేవి తండ్రిగారు. హైదరాబాదులో పౌరులు కూడి ప్రభుత్వమును నిలదీసిన తొలి సందర్భములలో ఒకటి రైలులెక్కకు సంబంధించినదను సంగతి నేటి మన యువకులు ఎఱిగియుండదగినది.

అంత తొందరపడి ఒడంబడిక చేసికొనిన ఆ చాందాదారి ఎప్పటికి పూర్తియైనది? కాజీపేట–బల్లార్షా లైను 1929 నాటికిగాని కలియలేదు. కంపెనీవారు ముందుగా ఎచ్చట బొగ్గున్నదో అచ్చటికి పోయిరి. డోర్నకలునుండి ఇల్లెందునకు దారి వేసిరి, బెజవాడకు వేసిరి. ఈ ఉత్తరభాగము చివరకు మిగిలినది. ఆ లైను పూర్తియైన పిదప గ్రాండుట్రంకు ఎక్స్‌ప్రెస్సు ఈ మార్గమున నడచినది. బెల్లంపల్లి గనులు వృద్ధినొందినవి. కాగజునగరమున కాగితపుమిల్లు వెలసినది. లైనునకు ఆనుకొని యున్న జమ్మికుంట పత్తివర్తకమునకు పేరొందినది. లైనునకు పదునాలుగు కిలోమీటర్లు ఎడమైన హుజూరాబాదు, తాలూకా కచేరి ఉండియు, వర్తకమున జమ్మికుంటకు వెనుకబడినది. రైలు ఒక ఊరిని పెంచును; ప్రక్క ఊరిని వంచును. పట్టాలు ఎచ్చట వేయవలెనను నిర్ణయము కేవలము ఇంజనీర్ల పని కాకపోవుట ఇందువలననే.

ఎడమైన ఊళ్లను లైనునకు కలుపవలెనన్న ఆలోచన ఆనాటి రైల్వేవారికిని లేకపోలేదు. 1930లో రైల్వే నిజాము ప్రభుత్వమువారి వశమైన పిమ్మట, 1932లో ఆ రైల్వేశాఖవారే 27 బస్సులతో రోడ్డు రవాణా ప్రారంభించిరి. నేటి మన ఆర్.టి.సి. మూలము అదియే. రైలును రోడ్డును ఒక్క యాజమాన్యము నడపిన ఆ యేర్పాటు తరువాత విడిపోయినది. ఇప్పుడు గూడ్సుషెడ్డు రైల్వేవారిది, షెడ్డునకు పోవు రోడ్డు మఱియొకరిది, ఆ రోడ్డుమీది గుంట మాత్రము ఎవ్వరిదియు గాదు.

సరకు ఎట్లు పోవుచున్నదో కొంచెము వివరముగ చెప్పవలసియున్నది. ఏలయన పూర్వము వలె వర్తకుడు పది బస్తాలు తెచ్చి ఒక వ్యాగనులో వేసి రసీదు పుచ్చుకొనిపోవు కాలము గడచిపోయినది. ఇప్పుడు రైల్వేవారు ప్రధానముగ పూర్తిబండిని, వారి మాటలో ‘రేకు’ను, లెక్కించుచున్నారు. కప్పుగల వ్యాగన్ల రేకున 42 వ్యాగన్లు ఉన్నచో అందు సుమారు 2,600 టన్నుల సరకు పట్టును. లారీకి ఇరువది టన్నుల చొప్పున వేసికొన్నను అది నూటముప్పది లారీల సరకు. ఒక్క బండి వచ్చినచో నూటముప్పది లారీలు రోడ్డుమీదినుండి తప్పుకొనును. దేశమునకు ఇది లాభమే. చమురు తక్కువ, రోడ్డు అరుగుట తక్కువ, ప్రమాదములు తక్కువ.

కాని ఆ లాభము చేతికి రావలెనన్న కొన్ని ఏర్పాట్లు ఉండవలెను. ఆ రేకు పొడవు అర కిలోమీటరు దాటును. అంత బండి ప్రధానలైనునకు అడ్డుగాక నిలుచుటకు ప్రత్యేకపు పట్టా కావలెను. పట్టా పొడవునను ఎత్తైన అరుగు కావలెను. అరుగువెంబడి లారీలు నిలుచుటకు, తిరుగుటకు గట్టినేల కావలెను. వాన వచ్చినచో బస్తా తడియకుండ పైకప్పు కావలెను. రైల్వేవారు దించుకొనుటకు ఇచ్చు గడువు కొన్ని గంటలే; ఆ గడువు మీఱినచో డెమరేజి పడును; దించిన సరకును అరుగుమీదనుండి వేళకు తీయకున్నచో వార్ఫేజి పడును. అరుగు సగమే యున్నచోట బండిని రెండుగా విడదీసి సగము సగముగా త్రోయవలెను. ఈలోగా గడువు తీఱిపోవును. జరిమానా వర్తకుని లెక్కకెక్కును, వర్తకునినుండి రైతు లెక్కకు దిగును. స్టేషను పేరు వ్రాసిన పచ్చబల్లకును, సరకు కదలు స్టేషనునకును గల భేదమిదియే.

హుజూరాబాదునకు రాదగిన సరకు ఏది? ఎరువు మొదటిది. 2025 వానకాలమున తెలంగాణమందలి రైతులు యూరియా బస్తాకై సహకార సంఘముల యెదుట బారులు తీఱి నిలిచిన దృశ్యము ఇంకను కండ్లయెదుట నున్నది. నిలువలేనివారు చెప్పులను, పాసుపుస్తకములను వరుసలో పెట్టిరి. హుజూరాబాదునకు నూరు కిలోమీటర్లయినను లేని రామగుండమున సాలునకు 12.7 లక్షల టన్నుల యూరియా తయారుచేయగల కర్మాగారము 2021లో ఉత్పత్తి ప్రారంభించినది. కర్మాగారపు పొగ కనబడు సీమలో బస్తా దొరకదా యని రైతు అడిగినచో జవాబు చెప్పవలసినవారు పలువురు. ఎరువుల పంపకము కేంద్రప్రభుత్వమువారు నెలనెలకు వ్రాయు కేటాయింపునుబట్టి నడచును; రామగుండము బస్తా తెలంగాణమునకే రావలెనను నియమము లేదు.

ఇచ్చట మేమొక మాట నిష్కర్షగ చెప్పదలచితిమి. రామగుండమునుండి హుజూరాబాదునకు యూరియా రైలుమీద రావలెననుట తెలివిగల కోరిక గాదు. అంత కొలదిదూరమునకు లారీయే చౌక. రైలునకు ఎక్కింపు, దింపు, మరల లారీకి ఎక్కింపు వ్యర్థపు ఖర్చు. కాని రామగుండము యంత్రము ఆగినప్పుడు యూరియా కాకినాడ, విశాఖపట్టణము మొదలగు రేవులనుండి రేకులుగ రావలయును. ఆ రేకు ఎచ్చట దిగునో అచ్చటికి దగ్గఱనున్న మండలములకు బస్తా ముందు చేరును. దూరమువారికి మఱునాడో మూడవనాడో చేరును. వరి పొట్టకు వచ్చు వేళ మూడు దినములు చిన్నవి గావు.

రెండవది ధాన్యము. శ్రీరాంసాగరు కాకతీయకాలువ నీరు వచ్చిన తరువాత ఈ సీమలో వరిసాగు విస్తరించినది. హుజూరాబాదు, జమ్మికుంట ప్రాంతములు సంకరజాతి వరివిత్తనముల ఉత్పత్తికి దేశమున పేరొందినవి. మిల్లులలో ఆడిన బియ్యము ఆహారసంస్థవారి లెక్కన కేరళమునకు, తమిళనాడునకు, కర్ణాటకమునకు రేకులమీదనే పోవుచున్నది. ఈ సరకు ఇప్పటికే ఉన్నది. లైను వచ్చిన తరువాత పుట్టవలసినది గాదు. పత్తిని గూర్చి మాత్రము మేము అంత నమ్మకముగ చెప్పజాలము. పత్తిబేళ్లను కొను మిల్లువారు కొద్దికొద్దిగ, వేర్వేఱు ఊళ్లకు, మిల్లు గుమ్మమువఱకు కోరుదురు. అందులకు లారీ అనుకూలము. పూర్తి రేకునకు సరిపడు బేళ్లను ఒక్క దినమున ఒక్క ఊరికి పంపు వర్తకుడు అరుదు. జమ్మికుంట వర్తకులు పలువురు కలసి పంపుదురేమో వారినే అడిగి తెలిసికొనవలెను.

గ్రానైటు మాట వేఱు. కరీంనగరపు రాతిదిమ్మెలు రైలుమీద కాకినాడ రేవునకు పోయి సముద్రము దాటుచున్నవి. అది రైల్వేవారికి రాబడిగల సరకే. లైను వచ్చినచో హుజూరాబాదు చుట్టుపట్ల గుట్టలకును గిరాకి పెరుగును. ఆ దిమ్మెలను మోయు భారీలారీలు గ్రామములలోని సన్నరోడ్లను పిండిచేయుటయు, స్టేషను ప్రక్కనే దిమ్మెలు కుప్పలువడి బస్తాసరకునకు చోటు మిగులకపోవుటయు జరుగరాదు. గుట్ట తరిగిపోయిన పిదప ఆ సరకు ఉండదు, వరి యుండును. కావున షెడ్డు నిర్మించునాడే రాతికి వేఱు అరుగు, బస్తాకు వేఱు అరుగు ఏర్పఱుపవలయును.

ఇక హమాలీలు. ఒక్క యూరియా బస్తా 45 కిలోలు. ఒక్క రేకున 57,000లకు పైగా బస్తాలు. వీనిలో ప్రతి బస్తాయు ఒక మనుష్యుని వీపుమీదుగా వ్యాగనునుండి అరుగునకు, అరుగునుండి లారీకి దాటవలసినదే. బండి అర్ధరాత్రి వచ్చినను గడువు ఆ క్షణముననే మొదలగును. హమాలీ నిద్రలేచి రావలెను. యూరియా చెమటకు కరగి చర్మమును మంటపెట్టును. సిమెంటుధూళి ఊపిరితిత్తులలో చేరును. రైల్వేవారికి వీరు నౌకరులు గారు, వర్తకునకును గారు. వీరిని పిలుచువాడు గుత్తదారు. త్రాగునీరు, దీపము, స్నానమునకు నీళ్లు, ఒక గంట నడుము వాల్చుటకు నీడ ఇవి లేని గూడ్సుషెడ్లు పెక్కు కలవు. కొత్త లైనునకు అంచనా వేయు ఇంజనీరు పట్టాకు, కంకరకు, వంతెనకు సొమ్ము వ్రాయును. ఆ అంచనాలోనే హమాలీల విశ్రాంతిగదికి నాలుగు గోడల సొమ్ము వ్రాసినచో అది లెక్కలో కనబడనంత స్వల్పము. తరువాత చేర్చుదమన్నచో ఎన్నటికిని చేరదు.

శాఖాలైను వేసి చూచిన అనుభవము మన జిల్లాకు ఉన్నది. పెద్దపల్లి–కరీంనగరము–నిజామాబాదు లైను పి.వి. నరసింహారావుగారు ప్రధానమంత్రిగా నున్నప్పుడు 1993లో ప్రారంభమైనది. ఆయన స్వగ్రామమైన వంగర హుజూరాబాదు సీమలోనిదే. సుమారు 178 కిలోమీటర్ల ఆ లైను తుదివఱకు కలియుట 2017లో. ఇరువదినాలుగు సంవత్సరములు! ఏటేటి బడ్జెటులో కొంచెముకొంచెము విదిల్చినచో ఇట్లే యగును. ధరలు పెరుగును, పెరిగిన ధర చూపి మరల ఆపుదురు. అంతకాలమునకు వచ్చిన లైనునందును ఒక లోపము నిలిచినది. కరీంనగరమునుండి కాజీపేటవైపు పోవు బండి పెద్దపల్లికి చేరి అచ్చట ఇంజనును ఒక కొననుండి మఱియొక కొనకు మార్చుకొనవలసివచ్చెడిది. గ్రానైటుబండికిని అదే తిప్పట, తిరుపతిబండికిని అదే తిప్పట. దానిని తప్పించు చిన్న బైపాసులైను ఆలోచన ఎన్నో యేండ్ల తరువాతగాని పనిగా మారలేదు. హసన్‌పర్తివద్ద మన కొత్తలైను ప్రధానలైనును కలియుచోట ఇట్టి పొరబాటు మరల జరుగకుండ ఇప్పుడే చూచుకొనవలెను.

మనోహరాబాదు–కొత్తపల్లి లైను అనుభవము ఇంతకన్న మేలు. 2016 ఆగస్టులో శంకుస్థాపన జరిగిన ఆ లైను గజ్వేలు దాటి 2023 అక్టోబరులో సిద్దిపేటకు ప్రయాణికులబండిని తెచ్చినది. గజ్వేలునకు ప్రయాణికులకన్న ముందుగా ఎరువుల గూడ్సుబండి 2022లోనే వచ్చిన సంగతి గమనింపదగినది. లైను తుదివఱకు పూర్తికాకముందే సరకు దిగుట మొదలుపెట్టవచ్చునని ఇందువలన తేలుచున్నది. ఆ లైను ఖర్చులో మూడవవంతును, భూమిని రాష్ట్రప్రభుత్వము భరించుటకు ఒప్పుకొన్నందుననే పని కదలినది. హుజూరాబాదు లైను విషయమున అట్టి ఒప్పందము జరుగునా, జరిగినచో రాష్ట్రమువారి వంతెంత యను ప్రశ్నకు హైదరాబాదునను ఢిల్లీయందును ఒక్కటే జవాబు రావలెను. ఇంతవఱకు ఒకచోట ‘కేంద్రము ఈయలేదు’ అనియు, మఱియొకచోట ‘రాష్ట్రము కలసిరాలేదు’ అనియు వినుచున్నాము.

ఈ లైనునకు అనుకూలముగ చెప్పదగిన మఱియొక కారణము కలదు. కరీంనగరమునుండి పెద్దపల్లికి పట్టాలు ఇప్పటికే యున్నవి. హసన్‌పర్తి–కరీంనగరము పూర్తియైనచో హసన్‌పర్తినుండి పెద్దపల్లికి రెండు దారులగును. నడుమ ఎచ్చటనైన ప్రధానలైను తెగినచో బండ్లను హుజూరాబాదు మీదుగ త్రిప్పవచ్చును. 2024 నవంబరు 12 రాత్రి రాఘవాపురము–రామగుండముల నడుమ ఒక గూడ్సుబండి పట్టాలు తప్పి మూడు లైనులును మూతపడినవి. ఢిల్లీ–చెన్నపట్టణముల నడుమ పలుబండ్లు రద్దయినవి. ఆ ప్రమాదము పెద్దపల్లికి ఉత్తరమున జరిగినది గనుక మన లైను ఉండియున్నను ఆనాడు ఉపకరించియుండదు. ఉపకరించెడిదని కొందఱు వేదికలమీద చెప్పుచున్నారు, అది సరిగాదు. కాని ఒక్క త్రాటిమీదనే ఉత్తర దక్షిణములు వ్రేలాడుట ఎంత ప్రమాదకరమో ఆ రాత్రి తెలిసినది. ఉప్పలు, జమ్మికుంట, బిసుగీరుషరీఫు, ఓదెల స్టేషన్ల నడుమ అట్టిది జరిగినచో రెండవదారి దేశమునకు అక్కఱకు వచ్చును. అనగా ఈ లైనును హుజూరాబాదునకు చేయు దానముగ భావింపనక్కఱలేదు.

రైల్వేవారు ఏ లైనుకైనను ‘ఇంత పెట్టుబడికి ఇంత ప్రతిఫలము’ అను లెక్క కట్టుదురు. ఆ ప్రతిఫలము తక్కువగ తేలినచో కాగితము అచ్చటనే పండుకొనును. ఆ లెక్కలో హుజూరాబాదు సరకును ఎంతగా చూపినారు? విత్తనములు చేర్చినారా? బియ్యము చేర్చినారా? వానిని జమ్మికుంట, కరీంనగరము, వరంగల్లుల లెక్కలో పడవేసి హుజూరాబాదునకు సున్న చుట్టినారా? మనకు తెలియదు, చెప్పినవారును లేరు. 1883లో అడిగిన ప్రశ్నను నేడు అడిగినచో ఎవ్వరిని దేశమునుండి వెడలగొట్టరు. ఇప్పుడు సమాచారపు హక్కు చట్టము 2005నుండి అమలులో నున్నది. పది రూపాయల రుసుముతో దరఖాస్తు పెట్టవచ్చును. సర్వేనివేదికయందలి సరకు లెక్కలను తెలుగున అచ్చువేసి పట్టణ గ్రంథాలయమున ఉంచవలసినదని రైల్వేవారిని కోరుచున్నాము.

అందుకు తోడు మన లెక్క మనకుండవలెను. హుజూరాబాదు, జమ్మికుంట వర్తకసంఘములవారు, రైసుమిల్లులవారు, విత్తనవ్యాపారులు, సహకారసంఘములవారు కలసి ఒక సంవత్సరమున ఏ నెలలో ఏ సరకు ఎన్ని టన్నులు ఏ ఊరికి పోయినది, ఏ ఊరినుండి వచ్చినది, లారీకి ఎంత కిరాయి పడినది వ్రాసి సిద్ధపఱుపవలయును. మార్కెటు కమిటీల పుస్తకములలో ఇందు సగము ఇప్పటికే యున్నది. ఎక్కువ చేసి వ్రాయవలదు. రైల్వేవారు పట్టుకొందురు, పట్టుకొన్న పిదప నిజమును గూడ నమ్మరు. ఈలోగా జమ్మికుంటలో దిగగల రేకులను అచ్చటనే దింపుటకు అరుగు, కప్పు, దీపములు, హమాలీలకు నీరు, హుజూరాబాదు రోడ్డునకు మరమ్మతు, ఇవి కొత్తలైనుకై వేచియుండనక్కఱలేని పనులు. వచ్చు పత్తికాలము ముగియులోగా పైన చెప్పిన లెక్క సిద్ధమైనచో, సంఘములవారు మాకు ఒక ప్రతి పంపినయెడల, పూర్తిగ ప్రకటింతుము.